నేల వెలుగులో ముఖం: నెల్లూరు ఎండలో మనిషిని తైలవర్ణాల్లో గీయడం

ఏప్రిల్ నెలాఖరున, కోవూరు పరిసరాల్లో కోత పూర్తయిన వరి మడిలో మిట్టమధ్యాహ్నం నిలబడ్డ మనిషికి నీడ దాదాపు ఉండదు. ఉన్న కాస్తా పాదాల కిందే ముడుచుకుంటుంది. తలపాగా మీద, భుజాల మీద, ముక్కు దూలం మీద ఎండ తెల్లగా మెరుస్తుంది. కనుబొమల కింద, ముక్కు కింద, గడ్డం కింద నీడ. ఫోనుతో ఫొటో తీస్తే ముఖం నల్లటి మరకలా వస్తుంది. పక్కనే నిలబడి చూసే కంటికి మాత్రం ఆ ముఖం చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. దవడ అడుగు భాగం, మెడ ముందు వైపు, కనుగుంతల పైకప్పు వెచ్చటి పసుపు కలిసిన గోధుమ రంగులో వెలుగుతుంటాయి. నెత్తిమీది సూర్యుడు తాకలేని ఆ చోట్లకు వెలుగు కాళ్ల దగ్గరి నుంచి వస్తోంది. ఎండి పసుపెక్కిన వరి కొయ్యకాళ్లు ఎండను కిందినుంచి పైకి తిప్పి పంపుతున్నాయి.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లె దృశ్యాన్ని ఇంప్రెషనిస్టు పద్ధతిలో, అంటే ఆరుబయట ఆ వేళ కనిపించే వెలుగును కుంచె దెబ్బల్లో పట్టే 19వ శతాబ్దపు ఫ్రెంచి పద్ధతిలో, గీయాలనుకునే వారు ముందుగా గ్రహించవలసిన సంగతి ఇదే. ఇక్కడ పగటిపూట చాలా గంటలపాటు మనిషి ముఖానికి రంగు వేసేది నేల. ఇది పట్టించుకోకుండా వేసిన బొమ్మలు ఈ మధ్య చాలా కనిపిస్తున్నాయి. వెలుగున్న చోట నారింజ, నీడ ఉన్న చోట ఊదా, పైన దళసరి కుంచె దెబ్బలు. పొలంలో వరి ఉంటుంది, గట్టు మీద తాడిచెట్టు ఉంటుంది, మనుషులు చీరలు కట్టుకునే ఉంటారు. ఎండ మాత్రం ఉత్తర ఫ్రాన్సుది. చిత్రకారుడి చేతిలో నేర్పు లేక అలా కాలేదు. ఫ్రెంచి చిత్రకారులు తమ పొలాల్లో నిలబడి కనుక్కున్న జవాబును ఇక్కడి ప్రశ్నకు అతికించడం వల్ల అలా అయింది.

వాళ్ల జవాబు ఏమిటో, అది ఎక్కడ పుట్టిందో చూద్దాం. 1841లో అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ తైలవర్ణాలను నింపడానికి లోహపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచేవారు. ట్యూబు వచ్చాక రంగులు సంచిలో వేసుకుని పొలానికి పోవడం సులువైంది. కోబాల్ట్ నీలం, కృత్రిమ అల్ట్రామెరైన్, విరిడియన్ ఆకుపచ్చ వంటి కొత్త రంగులు కూడా 19వ శతాబ్దంలోనే అందుబాటులోకి వచ్చాయి. 1874 ఏప్రిల్‌లో పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నదార్ ఖాళీ చేసిన స్టూడియోలో క్లోద్ మోనె, కమీల్ పిస్సారో, రెన్వా, దెగా, బెర్త్ మొరిజో తదితర ఇంప్రెషనిస్టులు తమ మొదటి ప్రదర్శన పెట్టారు. 1886 వరకు మొత్తం ఎనిమిది ప్రదర్శనలు జరిగాయి. ఎనిమిదింటిలోనూ పాల్గొన్నది పిస్సారో ఒక్కడే. పొలం పని చేసే మనుషులను వాళ్లందరిలో ఎక్కువగా గీసిందీ ఆయనే.

మోనె 1883 నుంచి నివసించిన ఉత్తర ఫ్రాన్సు పల్లె జివెర్నీ భూమధ్యరేఖకు 49 డిగ్రీల ఉత్తరాన ఉంది. నెల్లూరు 14.4 డిగ్రీల దగ్గర ఉంది. బొమ్మలోని తేడా అంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. జివెర్నీలో ఏడాది మొత్తంలో సూర్యుడు అత్యంత ఎత్తుకు ఎక్కే రోజు జూన్ 21. ఆ రోజు మధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి అరవై నాలుగున్నర డిగ్రీల ఎత్తు దాటడు. అంటే ఐదడుగుల మనిషికి దాదాపు రెండున్నర అడుగుల నీడ ఉంటుంది. డిసెంబరు 21న అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు పదిహేడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, నీడ పదహారు అడుగులు. నెల్లూరులో అదే డిసెంబరు రోజు మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 52 డిగ్రీలు, నీడ నాలుగడుగుల లోపు. ఏప్రిల్ చివరలోనూ మళ్లీ ఆగస్టు నడుమనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు.

ఎత్తుతో పాటు వేగమూ వేరు. మార్చి 21 ప్రాంతంలో జివెర్నీలో పొద్దున సూర్యుడు గంటకు సుమారు 10 డిగ్రీల చొప్పున పైకి ఎక్కుతాడు. నెల్లూరులో అదే సూర్యుడు గంటకు పద్నాలుగున్నర డిగ్రీలు ఎక్కుతాడు. ఆ రోజుల్లో జివెర్నీలో సూర్యుడు మధ్యాహ్నానికి కూడా 41 డిగ్రీలు మించడు కాబట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనిషి కంటే మనిషి నీడే పొడవు. అంటే రోజంతా వాలు వెలుగే. నెల్లూరులో ఉదయం తొమ్మిదిన్నరకల్లా నీడ మనిషి కంటే పొట్టిదైపోతుంది. పక్కనుంచి పడే వెలుగు ముక్కును, చెంపను, భుజాన్ని చెక్కినట్లు చూపిస్తుంది. ఆ వెలుగు మనకు ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు. మిగిలిన పొద్దంతా వెలుగు పైనుంచే పడుతుంది. పైనుంచి పడిన వెలుగు నేలను కొట్టి, నేల రంగు పూసుకుని, పైకి లేస్తుంది.

నేల మనిషిని వెలిగిస్తుందనే సంగతి ఇంప్రెషనిస్టులకు బాగా తెలుసు. 1875లో మోనె గీసిన గొడుగు పట్టుకున్న స్త్రీ బొమ్మనే తీసుకోవచ్చు. ఆయన భార్య కమీ గడ్డి గట్టు మీద నిలబడి ఉంది. చూసేవాళ్లు కింద ఉన్నారు. సూర్యుడు ఆమె వెనక ఉన్నాడు, అందుకే తెల్ల గౌను ముందు భాగమంతా నీలి నీడలో పడింది. కానీ చేతి దగ్గర పసుపు ఉంది. కింద పచ్చికలోని పసుపు పూల వెలుగు గౌను చేతుల మీదికి ఎక్కింది. గొడుగు లోపలి భాగం ఆకుపచ్చగా ఉంది. ముఖం నాలుగైదు కుంచె దెబ్బలకు మించి లేదు. అయినా ఆ మనిషి ఎండలో ఉందని ఎవరూ అనుమానించరు. 1887లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో మోనె తన కొత్త ప్రయత్నం గురించి చెప్పాడు: ఆరుబయట మనుషులను ప్రకృతి దృశ్యాలను గీసినట్లే గీయడం. మనిషికి ప్రత్యేకమైన రంగు అంటూ ఇవ్వకుండా, చెట్టు మీద, గట్టు మీద వెలుగు ఎలా పడుతుందో మనిషి మీదా అలాగే పడనివ్వడం. పొలంలో మనిషి బొమ్మకు ఇంతకంటే ఉపయోగపడే సూత్రం మరొకటి దొరకదు.

నీలి నీడ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎండ పడని చోటికి ఆకాశపు వెలుగు చేరుతుంది. ఆకాశం నీలం కాబట్టి నీడ నీలం వైపు వాలుతుంది. దీనికి తోడు కంటి స్వభావం ఒకటి ఉంది. పసుపు పక్కన ఉన్న బూడిద రంగును కన్ను ఊదాగా చూస్తుంది. గోబెలాఁ నేతశాలలో అద్దకాలు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లో ఈ పక్కపక్క రంగుల ప్రభావాన్ని వివరంగా రాశాడు. ఈ రెండూ కలిసి ఫ్రెంచి బొమ్మల్లో ఊదా నీడలయ్యాయి. మన తీరంలో వేసవి గాలిలో తేమ ఎక్కువ. ఆకాశం నీలంగా కాక పాలిపోయి తెల్లగా ఉంటుంది. అలాంటి ఆకాశం కింద నీడ ఊదాగా ఉండదు, నీలం తగ్గి బూడిదలోకి పోతుంది, అడుగునుంచి నేల రంగు కలుపుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు కడిగి వెళ్లాక, జనవరిలో ఆకాశం తేటపడినప్పుడు నీడలు నిజంగానే నీలిస్తాయి. నీడకు ఊదా వేయడమా మానడమా అన్నది ట్యూబు మూత తీసేముందు తలెత్తి ఆకాశం చూస్తే తెలుస్తుంది.

ఇక నేలల దగ్గరికి వద్దాం. వెలుగు ఎలా మారుతుందో తెలుసుకోవడానికి ఒకే మనిషిని రెండు కాలాల్లో చూడడం మంచి మార్గం. నెల్లూరు డెల్టాలో పెద్ద పంటకు నాట్లు వానాకాలపు చివర, నవంబరు, డిసెంబరు నెలల్లో పడతాయి. కోతలు మార్చి, ఏప్రిల్‌లో. నాటు వేసే మనిషి నడుము వంచి ఉంటుంది. ముఖం నేలకు ఎదురుగా ఉంటుంది. నేల అంటే అక్కడ దమ్ము చేసిన బురద, దానిమీద అంగుళమో రెండు అంగుళాలో నీరు. తడి బురద వెలుగును మింగుతుంది. నీరు కూడా, ఎండ నిటారుగా పడినప్పుడు, అందులో నూటికి రెండు వంతులకు మించి వెనక్కి పంపదు. అందువల్ల మధ్యాహ్నం నాట్లలో వంగిన ముఖం ముదురుగా, చల్లగా ఉంటుంది. చేతిలోని నారు కట్ట ఆకుపచ్చ మాత్రం దవడకు కొంచెం అంటుతుంది. ఉదయం ఏడు గంటలకు సంగతి వేరు. సూర్యుడు పది డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీరు తన మీద పడిన వెలుగులో మూడో వంతు దాకా తిప్పి పంపుతుంది. కాలు కదిపితే నీరు కదులుతుంది, నీరు కదిలితే వెలుగు గీతలు చేతుల మీదా, చీర కుచ్చిళ్ల మీదా, గడ్డం కిందా పాకుతాయి. ఆ గీతలు పట్టుకోవడానికి సన్న కుంచె తీసుకుని ఒక్కొక్కటే గీయడం దండగ. తడిగా ఉన్న ముదురు రంగు మీద లేత పసుపుతో రెండు మూడు విరుపు దెబ్బలు వేసి వదిలేస్తే అవి వాటంతట అవే కదులుతాయి.

అదే మనిషి ఏప్రిల్‌లో కొయ్యకాళ్ల మధ్య నిలబడితే ముఖం వెచ్చబడుతుంది. యెల్లో ఆకర్ అనే మట్టి పసుపు, బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ, కొద్దిగా క్యాడ్మియం నారింజ కలిపిన రంగు నీడలోకి పోవాలి. నీడలోకి వెచ్చటి రంగు వేయడానికి చాలామంది చెయ్యి ఒప్పుకోదు, నీడ అంటే చల్లన అని నేర్చుకుని ఉంటారు కాబట్టి. ఆ నియమం ఆకాశం వైపు తిరిగిన నీడలకే చెల్లుతుంది. నేల వైపు తిరిగిన నీడ నేల మాట వింటుంది. ఒకే ముఖంలో ఈ రెండూ ఉంటాయి. తలపాగా అంచు నీడ పడిన నుదుటి మీద, పైకి తిరిగిన చెంప మీద ఆకాశపు చల్లదనం. కనుబొమ అడుగున, ముక్కుపుటాల కింద, పై పెదవి కింద నేల వెచ్చదనం. ఈ రెండు రంగులకూ వెలుగు స్థాయి దాదాపు ఒకటే ఉంచి, ఒకటి చల్లగా ఒకటి వెచ్చగా వేస్తే, కన్ను ముక్కు గీయకుండానే ముఖం గుండ్రబడుతుంది.

ఉప్పు మడుల్లో అంతా తారుమారు. ఇసకపల్లి దగ్గర గానీ కనుపర్తి దగ్గర గానీ ఎండాకాలం ఉప్పు గీసేవేళ చూస్తే, నేల ఆకాశం కంటే తెల్లగా ఉంటుంది. వెలుగు పైనా కిందా సమానంగా వచ్చి పడుతుంది. మనిషి ఒంటి మీద నీడ పలచనైపోతుంది. మామూలుగా చీకట్లో మునిగిపోయే మోకాళ్ల వెనక, చంకల కింద, గడ్డం అడుగున ఉన్న ప్రతి కండా కనిపిస్తుంది. ఇక్కడ ముదురు రంగులు బలంగా వాడితే బొమ్మ చెడుతుంది. మడి తెలుపు, నీటి లేత గులాబీ, ఆకాశపు వెలిసిన నీలం దగ్గరదగ్గరగా పెట్టి, మనిషి ఒంటిని మాత్రమే ముదురుగా ఉంచాలి. ఆ ఒంటిలో కూడా నలుపు ఉండకూడదు.

ఉదయగిరి వైపు మెట్ట ఎర్రనేల ఒంటి గోధుమ రంగుకు చుట్టమే కాబట్టి మనిషి, నేల ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పంచె తెలుపే వాటిని విడదీస్తుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి అయితే వెలుగును తాగేస్తుంది, పైకి దాదాపు ఏమీ పంపదు. అక్కడ ముఖం నిజంగానే చీకటిగా ఉంటుంది. అలాగే గీయాలి.

చర్మం రంగు గురించి ఫ్రెంచివారు చెప్పగలిగింది తక్కువ. 1876 నాటి రెండో ప్రదర్శనలో రెన్వా ఎండలో ఉన్న ఒక స్త్రీ మొండెం బొమ్మ పెట్టాడు. ఆకుల సందుల్లోంచి పడిన వెలుగు ఒంటి మీద ఆకుపచ్చ, ఊదా మచ్చలైంది. ఫిగారో పత్రికలో ఆల్బేర్ వోల్ఫ్ ఆ మచ్చలను కుళ్లుతున్న శవపు రంగుతో పోల్చాడు. తెల్లటి చర్మం పక్కనున్న ప్రతి రంగునూ పట్టి చూపిస్తుంది. నల్లటి చర్మం తీరు వేరు. ముదురు ఉపరితలం లోపలికి పోయిన వెలుగులో ఎక్కువ భాగాన్ని ఉంచేసుకుంటుంది. అందువల్ల పైపొర మీద మెరిసే వెలుగే మనకు ప్రధానంగా కనిపిస్తుంది. ఆ మెరుపుకు చర్మం రంగు ఉండదు, వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రంగే ఉంటుంది. చెమట పట్టిన నల్లటి వీపు మీద ఎండ నేరుగా తగిలిన చిన్న చోటు తెల్లగా, దాని చుట్టూ పరుచుకున్న పెద్ద మెరుపు ఆకాశం రంగులో నీలంగా ఉంటాయి. భుజం మీద కోబాల్ట్ నీలం, తెలుపు, రవ్వంత సియెన్నా కలిపిన ఒక్క అడ్డు దెబ్బ చూసి, మనిషి ఒంటికి నీలమేమిటని అడిగేవారు ఉంటారు. పది అడుగులు వెనక్కి జరిగి చూస్తే అది చెమట పట్టిన భుజమని వారికే తెలుస్తుంది. గులాబీ కలిపిన తెలుపుతో వెలుగు చూపించబోతే మాత్రం ఒళ్లు సుద్ద పూసినట్లవుతుంది. ముదురు ఒంటి వెలుగును పెంచాలంటే తెలుపు కంటే ముందు క్యాడ్మియం ఎరుపు, ఆకర్ వైపు చెయ్యి పోవాలి. అడుగు ముదురు కోసం ట్యూబు నలుపు అక్కర్లేదు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిపితే వచ్చే ముదురు ఎటు కావాలంటే అటు, చల్లగానో వెచ్చగానో వాలుతుంది.

దక్షిణాది ఒంటి రంగును నిలబెట్టిన వారిలో అమృతా షేర్‌గిల్‌ను తలుచుకోవాలి. 1937లో ఆమె గీసిన, సంతకు వెళ్తున్న దక్షిణాది గ్రామీణుల చిత్రంలో ఎండ మచ్చలు లేవు, మెరుపులు లేవు. పెద్ద పెద్ద ముదురు ఒంటి పలకల పక్కన తెల్లటి బట్ట. ఆమె దారి ఇంప్రెషనిస్టుల దారి కాదు. అయినా నల్లటి ఒంటిని తెలుపు కలపకుండా వెలిగించవచ్చని చూడడానికి ఆ బొమ్మ ముందు నిలబడడం మేలు.

తెలుపు కథ ఒంగోలు గిత్త దగ్గర నేర్చుకోవచ్చు. ట్యూబులోని తెలుపు పిండి వేస్తే అది సున్నం కొట్టిన గోడ అవుతుంది. నేరుగా పడే ఎండలో ఒక చోటి వెలుగు, దాన్ని కొలిచే లక్స్ లెక్కలో, సుమారు లక్ష అయితే, పక్కనే పైన ఆకాశం కనిపించే నీడలో పది, ఇరవై వేల మధ్య ఉంటుంది. ఎండలోని తెల్లటి ఒంటికీ నీడలోని నల్లరేగడికీ మధ్య తేడా వంద రెట్లకు అటూ ఇటూగా ఉంటుంది. రంగుల పలక మీద తెలుపుకూ నలుపుకూ మధ్య అంత దూరం లేదు. ఇంప్రెషనిస్టులు ఈ లోటును వెచ్చదనం, చల్లదనాల తేడాతో పూడ్చారు. గిత్త వెన్ను మీద, మూపురం శిఖరం మీద మాత్రమే అసలు తెలుపు, అందులోనూ చిటికెడు పసుపు. పక్క డొక్క నీడలో ఉంటుంది కాబట్టి నీలి బూడిద. పొట్ట అడుగు భాగం నేలను చూస్తుంది కాబట్టి ఎర్రనేల మీద అయితే లేత నారింజ. మగ గిత్తకు తల, మెడ, మూపురం మీద సహజంగానే ముదురు బూడిద ఛాయ ఉంటుంది, దాన్ని నీడ అని పొరబడితే మూపురం గుంటలా కనిపిస్తుంది. పొట్ట కింద ఆ నారింజ చార పడగానే గిత్త నేల మీద నిలబడుతుంది. అది లేకపోతే ఎంత బాగా గీసినా గాలిలో వేలాడుతుంది.

దూరంగా ఉన్న మనుషుల సంగతి వేరే. 1874 ప్రదర్శనలో మోనె పారిస్ వీధి బొమ్మలో కింద నడుస్తున్న జనాన్ని చిన్న నల్ల గీతలుగా వేస్తే, లూయీ లెరోయ్ అనే విమర్శకుడు అవి నాలుకతో నాకిన మరకల్లా ఉన్నాయని వెక్కిరించాడు. నిజానికి వంద గజాల దూరంలోని మనిషి అంతే. అయితే ఆ గీత ఏ పని చేస్తున్నదో తెలియాలి. అక్కడే పొలం ఎరగని చేయి పట్టుబడుతుంది. నాట్లు వేసేవారు వెనక్కి నడుస్తారు. నాటిన వరసలు వారి ముఖం ముందు ఉంటాయి, ఖాళీ బురద వారి వెనక. కోత కోసేవారు ముందుకు నడుస్తారు. కోయని పైరు ముందు, పనలు వెనక. నాటే మనిషి వెనక పచ్చటి వరసలు గీస్తే ఆమె తాను నాటిన నారునే తొక్కుతున్నట్లు. ఆ బొమ్మను పల్లెలో ఎవరికి చూపించినా మొదట కనిపెట్టేది ఆ తప్పే.

పేర్లలోనూ అంతే పట్టింపు కావాలి. మోనె 1890, 91లలో గీసిన ప్రసిద్ధమైన వరసను తెలుగులో గడ్డివాములు అని రాస్తుంటారు. అవి గడ్డివాములు కావు, నూర్చని గోధుమ పనలు పేర్చిన కుప్పలు. మన రైతుకు కుప్ప వేరు, వామి వేరు. కుప్పలో గింజ ఉంటుంది, వామిలో గింజ రాల్చిన గడ్డి ఉంటుంది. ఈ తేడా రంగులోనూ ఉంది. కొత్త వరికుప్పకు బయట కాడల చివరలు కనిపిస్తాయి, అందులో ఇంకా పచ్చి ఛాయ ఉంటుంది. వామి ఎండకు, వానకు నానుతూ నెలలు గడిచేకొద్దీ పైన బూడిదగా మారుతుంది. పశువులకు పీకిన వైపు మాత్రం లోపలి పసుపు బయటపడుతుంది. వామి పక్కన నిలబడిన మనిషికి ఆ పీకిన వైపు నుంచే వెచ్చటి వెలుగు వస్తుంది.

బట్టల విషయంలో అందం కోసం అబద్ధం ఆడకూడదు. పొలం పనికి వచ్చే ఆడవారు ఇప్పుడు చీర మీద మగవారి పొడుగు చేతుల చొక్కా వేసుకుంటున్నారు, ఎండకూ వరి ఆకు గీతలకూ అది రక్ష. ఎన్నిసార్లో ఉతికి వెలిసిన నీలి గళ్ల చొక్కా, దాని కింద మెరిసే సింథటిక్ చీర అంచు, తలకు తువ్వాలు. ఎర్ర అంచు నేత చీర, నడుము మీద బిందె వేసి గీస్తే బొమ్మ అమ్ముడవుతుందేమో గానీ అందులో పొలం ఉండదు. వెలిసిన చొక్కా నిజానికి చిత్రకారుడికి వరం. లేత రంగు కాబట్టి పక్కనున్న ప్రతి వెలుగునూ పట్టుకుంటుంది. ముందు వైపు కొయ్యకాళ్ల పసుపు, వీపు మీద ఆకాశపు నీలం, చేతి మడతల్లో రెండూ. కోత యంత్రాన్ని బొమ్మలోంచి తీసేయవలసిన అవసరమూ లేదు. మోనె 1877లో రైల్వే స్టేషన్ పొగను వరసగా గీసి ప్రదర్శించాడు. యంత్రం వెనక లేచే ఊక దుమ్ములో నిలబడిన మనిషి చుట్టూ ఎండ కనిపించినంతగా మరెక్కడా కనిపించదు.

ఆకుల నీడ గురించి ఒక్క మాట. ప్రకాశం జిల్లాలో పొగాకు కోత రోజుల్లో తాటాకు పందిరి కింద ఆకులు కర్రలకు కడుతూ కూర్చున్నవారి మీద వెలుగు చుక్కలు పడుతుంటాయి. కప్పులోని సందులు ఎలాంటి ఆకారంలో ఉన్నా, కింద పడే చుక్కలు గుండ్రంగానే ఉంటాయి, ఎందుకంటే ఒక్కొక్క చుక్క ఒక్కొక్క సూర్యబింబం. సూర్యుడు వాలితే చుక్కలు కోడిగుడ్డులా సాగుతాయి. నడినెత్తిన ఉంటే నాణేల్లా గుండ్రబడతాయి. రెన్వా 1876లో పారిస్ తోటలో నాట్యం చేసేవారి మీద వేసిన చుక్కలను చూసి, వాటి ఆకారాన్ని అలాగే తెచ్చి మధ్యాహ్నపు పందిరి కింద వేస్తే బొమ్మలోని వేళ తప్పుతుంది. చుక్క మధ్య భాగం వెచ్చగా, అంచు మెత్తగా ఉండాలి. పొగాకు జిగురు పట్టి నల్లబడిన వేళ్ల మీద పడిన చుక్క, మణికట్టు మీద పడిన చుక్క కంటే వెలుగు తక్కువ. ఈ చిన్న తేడా పాటిస్తేనే అవి మచ్చలు కాక ఎండ అవుతాయి.

సముద్రం ఒడ్డున స్పెయిన్ చిత్రకారుడు హొయాకిన్ సొరొయా మనకు మోనె కంటే దగ్గరివాడు. 1894లో ఆయన ఎడ్లు పడవను నీటిలోంచి ఒడ్డుకు లాగుతున్న దృశ్యం గీశాడు. 1896లో పెద్ద తెల్లటి తెరచాప కుడుతున్నవారిని గీశాడు, అందులో ముఖాల మీది వెలుగులో చాలా భాగం ఆ బట్టదే. ఆయన వలెన్సియా తీరం కూడా నెల్లూరు దగ్గరి మైపాడు తీరంలాగే తూర్పు సముద్రాన్ని చూస్తుంది. ఉదయం సముద్రం వైపు తిరిగి చూస్తే మనుషులు ఎండకు ఎదురుగా ముదురుగా, అంచుల్లో మాత్రం మెరుస్తూ కనిపిస్తారు. మధ్యాహ్నం దాటాక ఎండ ఊరి వైపు నుంచి వస్తుంది, నీడలు అలల వైపు సాగుతాయి. ఇసుక మీద కూర్చుని వల బాగుచేసే మనిషికి తెరచాప లేదు గానీ ఒళ్లో నైలాన్ వల ఉంది. ఆ వల నీలి ఆకుపచ్చ ఛాయ మనిషి గడ్డం కింద కనిపిస్తుంది.

పని పద్ధతిలో మన ఎండ కోరేవి కొన్ని ఉన్నాయి. కాన్వాసు మీద ఎండ పడకూడదు. ఎండ పడిన కాన్వాసు మీద ప్రతి రంగూ వెలిగిపోతుంది, చెయ్యి తెలియకుండానే ముదురుగా వేస్తుంది, ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మ మసకగా ఉంటుంది. కాన్వాసు, పలక రెండూ ఒకే నీడలో ఉండాలి. గొడుగు వాడితే తెల్లదో బూడిదదో వాడాలి, ఎర్ర గొడుగు ఆకుపచ్చలన్నిటినీ తప్పుదారి పట్టిస్తుంది. వేసవిలో టర్పెంటైన్ గాలిలో కలిసిపోయి పలక మీది రంగు త్వరగా బిగుస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా పిండుకోవాలి. మొదటి పొర పలచగా, పై పొరల్లో అవిసె నూనె పాలు ఎక్కువగా ఉండాలి. తైలవర్ణం ఆరడమంటే గాలిలోని ఆక్సిజన్‌తో నూనె గట్టిపడడం. పైపొర అడుగుపొర కంటే ముందు బిగిస్తే పగుళ్లు వస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం వరస. చాలామంది ముందు మనిషిని గీసి తర్వాత చుట్టూ పొలం నింపుతారు. ఇక్కడ అది పనికిరాదు. నేల రంగు కాన్వాసు మీద లేకుండా గడ్డం కింది రంగు ఎలా తెలుస్తుంది? ముందు నేల, తర్వాత ఆకాశం, ఆ తర్వాత మనిషి నీడవైపు మొత్తం ఒకే ముదురు ఆకారంగా, దానిలోకి తడి ఆరకముందే నేల రంగు కింది నుంచి, ఆకాశపు రంగు పై నుంచి. నేరుగా ఎండ తగిలిన తలపాగా, భుజాలు చివరికి, నాలుగైదు దళసరి దెబ్బల్లో. ఉదయం ఎక్కే సూర్యుడు గంటకు పద్నాలుగు డిగ్రీలు పోతాడు కాబట్టి ఈ మొత్తానికి గంటన్నర కంటే వ్యవధి ఉండదు. ఆ తర్వాత ఇంకో కాన్వాసు తీసుకోవడం మంచిది. పిస్సారో కూడా మనుషులున్న పెద్ద చిత్రాలను పొలంలో వేసుకున్న చిత్తులను ముందు పెట్టుకుని స్టూడియోలో కూర్చాడు.

మార్చి నెలలో సాయంత్రం ఐదు దాటాక పెన్న ఇసుకలో నిలబడితే ఇదంతా ఒక్కసారి మారిపోతుంది. సూర్యాస్తమయానికి గంటా పది నిమిషాల ముందు సూర్యుడు పదిహేడున్నర డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. జివెర్నీలో డిసెంబరు మిట్టమధ్యాహ్నం ఉండే ఎత్తు అదే. నేల వెలుగు తగ్గిపోతుంది, పశ్చిమం నుంచి వచ్చే ఎండ ముఖానికి నేరుగా తగులుతుంది, కనుగుంతలు తెరుచుకుంటాయి, చెంప ఎముక ఒక వైపు బంగారమై రెండో వైపు నీలమవుతుంది. మోనె బొమ్మల్లోని నారింజ, ఊదా ఆ కాసేపు నెల్లూరులో నిజమవుతాయి. ఇసుక దాటి ఇంటికి పోతున్న మనిషి నీడ పదహారు అడుగుల నుంచి మొదలై, అడుగడుగుకూ సాగుతూ పోతుంది.